విన్‌క్రిస్టిన్ కీమో మందు: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో గానీ విజయవాడలో గానీ బ్లడ్ క్యాన్సర్ పిల్లల వార్డులో ఏ కేస్ షీట్ తిరగేసినా ఈ మందు పేరు కనబడుతుంది. నేను కీమో మందులు కలిపే ఫార్మసీలో పనిచేస్తాను. కౌంటర్ దగ్గర, డే కేర్‌లో (పగలు కీమో ఎక్కించుకుని ఇంటికెళ్ళే వార్డు) మంచం పక్కన, లిఫ్ట్ కోసం నిలబడ్డప్పుడు అమ్మానాన్నలు, తాతయ్యలు నన్ను అడిగే ప్రశ్నలే ఇక్కడ రాశాను. మోతాదు విషయంలో, చికిత్స మార్చే విషయంలో మీ డాక్టరు గారి మాటే ఆఖరు. మిగతా చాలా సంగతులు ఇంట్లో మీరు చూసుకోవాల్సినవే. ఈ మందు ఇబ్బందులు ఎక్కువగా ఆసుపత్రిలో కాదు, ఇంటికెళ్ళాక నాలుగైదు రోజులకి బయటపడతాయి.

ఇది బిళ్ళగన్నేరు నుంచి తీస్తారంట, నిజమేనా?

నిజమే. మన పెరళ్ళలో, గుడి ప్రాంగణాల్లో, కాలవ గట్ల మీద గులాబీ రంగు, తెల్ల రంగు పూలు పూసే బిళ్ళగన్నేరే. దాని సొంతగడ్డ మడగాస్కర్ దీవి.

ఈ మందు దొరికిన తీరు వింటే ఆశ్చర్యం వేస్తుంది. మనవాళ్ళలాగే జమైకా దేశంలోనూ షుగర్ తగ్గుతుందని ఈ ఆకుల కషాయం తాగేవాళ్ళు. 1952లో అక్కడి నుంచి కొన్ని ఆకులు కెనడాలో ఉన్న డాక్టర్ క్లార్క్ నోబుల్‌కి చేరాయి. ఆయన వాటిని పరిశోధన చేసే తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కి ఇచ్చారు. రాబర్ట్ ఎలుకలకి ఇచ్చి చూస్తే షుగర్ తగ్గలేదు గానీ, రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. తెల్లకణాలు అడ్డూ అదుపూ లేకుండా పెరిగిపోయే జబ్బుకి ఇది పనికొస్తుందేమో అన్న ఆలోచన అక్కడ మొదలైంది. చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి 1958లో ఆయన ఆ ఆకుల నుంచి విన్‌బ్లాస్టిన్ అనే, ఇదే కోవకి చెందిన మరో క్యాన్సర్ మందుని విడదీశారు. అమెరికాలో ఎలై లిల్లీ కంపెనీ శాస్త్రవేత్తలు అదే మొక్క నుంచి విన్‌క్రిస్టిన్ తీశారు. 1963లో దానికి అక్కడ అనుమతి వచ్చింది. ఇప్పుడిది ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది.

అయితే పెరట్లో ఉన్న ఆకులే నమిలిస్తే సరిపోదా?

సరిపోదు. దయచేసి ఆ పని చేయకండి.

టన్ను ఎండు ఆకుని శుద్ధి చేస్తే దక్కే విన్‌క్రిస్టిన్ కొద్ది గ్రాములే. ఒక్క మోతాదుకి సరిపడా మందు పిల్లాడి కడుపులోకి ఆకుల ద్వారా వెళ్ళడం జరిగే పని కాదు. పైగా ఆ ఆకులో ఇంకా పదుల కొద్దీ ఆల్కలాయిడ్లు, అంటే మొక్క తయారుచేసుకునే ఘాటైన రసాయనాలు ఉంటాయి. వాంతులు చేయించేవి, బీపీ తగ్గించేవి, తెల్లకణాలు పడేసేవి అన్నీ కలిసే ఉంటాయి. ఏ ఆకులో ఎంత ఉందో తెలిసే దారి లేదు. విన్‌క్రిస్టిన్ ఎక్కించుకుంటున్న పిల్లాడికి ఇంట్లో ఈ కషాయం కూడా పోస్తే, తర్వాత వచ్చిన ఇబ్బంది దేనివల్ల వచ్చిందో తేల్చడం డాక్టరుకి కూడా కష్టమే. ఇప్పటికే ఇస్తున్నట్లయితే దాచిపెట్టకండి, చెప్పేయండి. ఎవరూ తిట్టరు. మందులు చూసుకుని ఇవ్వడానికే ఆ వివరం కావాలి.

ఒంట్లోకి వెళ్ళాక ఇది ఏం చేస్తుంది?

ఒక కణం రెండుగా చీలాలంటే లోపలున్న క్రోమోజోములు సరిసమానంగా రెండు వైపులకీ వెళ్ళాలి. వాటిని లాగడానికి కణం అప్పటికప్పుడు సన్నటి దారాలు అల్లుకుంటుంది. ఆ దారాలు ట్యుబులిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతాయి. విన్‌క్రిస్టిన్ వెళ్ళి ఆ ట్యుబులిన్‌కే అతుక్కుంటుంది. దాంతో దారం సాగదు. మంగళగిరి మగ్గం మీద పడుగు ఎక్కకపోతే నేత మొదలే కానట్టు, క్రోమోజోములు మధ్యలో వరుసగా నిలబడి అక్కడే ఆగిపోతాయి. ముందుకీ వెనక్కీ పోలేక ఆ కణం చచ్చిపోతుంది.

క్యాన్సర్ కణాలు ఎప్పుడూ చీలుతూనే ఉంటాయి కాబట్టి ఎక్కువ దెబ్బ వాటికే తగులుతుంది. అయితే ఒక చిక్కుంది. మన నాడుల్లో కూడా ఇవే దారాలు ఉంటాయి. నాడీకణాలు చీలవు గానీ, వెన్ను దగ్గర నుంచి కాలి వేలి చివరి దాకా కావలసిన సరుకు మోసేది ఈ దారాల మీదనే. అందుకే ఈ మందు ఇబ్బందులు ఎక్కువగా నాడుల మీదే కనబడతాయి, అందులోనూ అన్నిటికంటే పొడవైన కాళ్ళ నాడుల మీద ముందు కనబడతాయి. పేగుల్ని కదిలించే నాడులూ మందగిస్తాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద రాసినవన్నీ ఎందుకు రాశానో తేలిగ్గా అర్థమవుతుంది.

ఏయే క్యాన్సర్లకి ఇస్తారు?

ముందు చెప్పుకోవాల్సింది పిల్లల్లో ఎక్కువగా వచ్చే బ్లడ్ క్యాన్సర్, అంటే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. డాక్టర్లు ఏఎల్ఎల్ అంటారు. మొదటి నెలలో మామూలుగా వారానికొకసారి విన్‌క్రిస్టిన్, దాంతోపాటు స్టెరాయిడ్ మాత్రలు, ఆస్పారజినేజ్ ఇంజెక్షన్లు, కొందరికి డానోరుబిసిన్ ఇస్తారు. తర్వాతి దశల్లోనూ ఇది మళ్ళీ మళ్ళీ వస్తుంది.

పెద్దవాళ్ళలో లింఫోమాకి, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌కి ఇచ్చే ఆర్-చాప్ అనే చికిత్సలో ఐదు మందులుంటాయి, అందులో ఒకటి ఇదే. పిల్లల్లో కిడ్నీకి వచ్చే విల్మ్స్ ట్యూమర్, కండరాలకి వచ్చే రాబ్డోమయోసార్కోమా, ఎముకల్లో వచ్చే యూయింగ్ సార్కోమా, కంట్లో వచ్చే రెటినోబ్లాస్టోమా, కొన్ని రకాల మెదడు గడ్డలకీ వాడతారు. రొమ్ము క్యాన్సర్, నోటి క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకి మామూలుగా ఇచ్చేవి వేరే మందులు. పక్కింటావిడకి ఇచ్చిన కీమోతో మీ పిల్లాడి కీమోని పోల్చుకుని టెన్షన్ పడొద్దు.

ఇంత చిన్న సీసా, వారానికొక్కసారే. ఇది సరిపోతుందా?

సరిపోతుంది. పిల్లల ఎత్తు, బరువు చూసి శరీర వైశాల్యం లెక్కగట్టి, చదరపు మీటరుకి సుమారు 1.5 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. మనిషి ఎంత పెద్దవాడైనా సాధారణంగా ఒకసారికి 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు, నాడుల్ని కాపాడటం కోసం. లివర్ ఈ మందుని విరిచి బయటికి పంపుతుంది. కామెర్లు ఉండి బిలిరుబిన్ పెరిగితే మోతాదు తగ్గిస్తారు, ఒక్కోసారి ఆపుతారు. ఎక్కించే ముందు రక్తపరీక్ష అడిగేది ఇందుకు కూడా.

ఒకే రోజు నడుములో ఇంజెక్షన్ ఉంది, విన్‌క్రిస్టిన్ కూడా ఉంది. ఏదైనా జాగ్రత్త ఉందా?

ఉంది. ఇది ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాల్సిన విషయం.

విన్‌క్రిస్టిన్ మెదడులోకి సరిగ్గా వెళ్ళదు. అక్కడ క్యాన్సర్ కణాలు దాక్కోకుండా ఉండాలని నడుము దగ్గర వెన్నులోకి మెథోట్రెక్సేట్ అనే వేరే మందు ఇస్తారు. ఆ కోవ మందుల్ని అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో తయారుచేయించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1940ల చివర్లో లుకేమియా పిల్లలకి మొదట కాస్త ఊరట ఇచ్చింది ఆ మందులే. ఆ పేరు చెప్పినప్పుడు ఇక్కడి తల్లిదండ్రుల ముఖంలో కొంచెం ధైర్యం కనబడుతుంది, అందుకే నేను చెబుతూ ఉంటాను.

మెథోట్రెక్సేట్ వెన్నులోకి వెళ్ళొచ్చు. విన్‌క్రిస్టిన్ మాత్రం రక్తనాళంలోకే వెళ్ళాలి. పొరపాటున వెన్నులోకి వెళ్తే దాదాపు ఎప్పుడూ ప్రాణం పోతుంది. ప్రపంచంలో అలాంటి ప్రమాదాలు జరిగాయి. అందుకే దీన్ని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో హెచ్చరిక జారీ చేసింది. సంచి అయితే వెన్నులో పెట్టే సూదికి ఎవరూ పొరపాటున తగిలించరు. రెండు మందులూ ఒకే ట్రేలో, ఒకే సమయంలో మంచం దగ్గరికి రాకూడదు. "సిస్టర్, ఇది ఏ మందు? చేతికా, నడుముకా?" అని అడిగే హక్కు మీకుంది. అడిగితే మంచి నర్సు ఎవరూ కోప్పడరు, లేబుల్ చదివి మరీ చూపిస్తారు.

ఎక్కిస్తుంటే చెయ్యి మండుతోందని పాప ఏడుస్తోంది. మామూలేనా?

మామూలు కాదు. వెంటనే నర్సుని పిలవండి. ఈ మందు రక్తనాళం దాటి బయటికి పోతే చుట్టూ ఉన్న చర్మం, కండ దెబ్బతింటాయి, పుండు పడొచ్చు. మంట, వాపు, ఎర్రబడటం కనబడితే "అయిపోవచ్చింది కదా" అని ఊరుకోవద్దు. వెంటనే ఆపి, లోపలున్నది వెనక్కి లాగి, గోరువెచ్చటి కాపడం పెడతారు. విన్‌క్రిస్టిన్‌కి ఐసు పెట్టకూడదు. ఎర్రగా ఉండే డాక్సోరుబిసిన్ అనే మరో కీమో మందుకి ఐసు పెట్టడం చూసి కొందరు ఇంటికెళ్ళాక దీనికీ అదే పెడతారు, అది తప్పు. ఇంటికి వెళ్ళాక వాపు కనబడినా ఫోన్ చేయండి.

నాలుగు రోజులైంది, మోషన్ అవలేదు. ఏం చేయాలి?

నాలుగు రోజులు ఆగకండి. రెండో రోజుకే చెప్పాలి.

పేగుల నాడులు మందగించి గట్టి మలబద్ధకం వస్తుంది. కొందరికి పేగులు కదలడమే ఆగిపోయి కడుపు ఉబ్బి, వాంతులు అవుతాయి. అందుకే చాలామంది డాక్టర్లు మందు ఎక్కించిన రోజు నుంచే లాక్టులోజ్ లాంటి సిరప్ రాస్తారు. "మోషన్ బానే అవుతోంది కదా" అని ఆ సిరప్ పక్కన పెట్టేస్తారు చాలామంది. బాగా అవుతున్నది సిరప్ వల్లే, ఆపకండి. మంచినీళ్ళు, పలుచటి మజ్జిగ, బాగా ఉడికించిన ఆకుకూర, తొక్క తీసిన పళ్ళు ఇవ్వండి. స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటున్న పిల్లలు అర్ధరాత్రి లేచి అన్నం అడుగుతారు, పప్పు, నెయ్యి, వడియాలు కావాలంటారు, లేకపోతే అలుగుతారు. అది మందు తెచ్చే ఆకలి, పిల్లాడి మొండితనం కాదు. కారం తగ్గించి, అప్పుడే వండింది పెట్టండి.

ఒక హెచ్చరిక. కౌంట్స్, అంటే రక్తకణాల సంఖ్య తక్కువగా ఉన్నప్పుడు ఇంట్లో ఎనిమా ఇవ్వడం, కింద నుంచి మందు బిళ్ళ పెట్టడం వద్దు. లోపల చిన్న గీత పడినా ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పోతుంది.

బాబు దవడ నొప్పి అంటున్నాడు. నడక కూడా తేడాగా ఉంది.

దవడ నొప్పి మొదటి డోసుల తర్వాత రెండు మూడు రోజుల్లో రావడం మామూలే. పంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తక్కర్లేదు, నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. అయితే అది వేసే ముందు ప్రతిసారీ జ్వరం చూడాలి, లేకపోతే జ్వరం కప్పబడిపోతుంది.

నడక సంగతి మాత్రం పట్టించుకోవాలి. వారానికొకసారి ఒక పని చేయండి. పిల్లాణ్ణి హాలు నుంచి వంటింటి దాకా మడమల మీద నడవమనండి, వేళ్ళు పైకెత్తి. అంతకుముందు బాగా నడిచినవాడు ఇప్పుడు వేళ్ళు ఎత్తలేకపోతున్నాడంటే పాదం ఎత్తే కండరాలకి నాడి సరిగ్గా అందడం లేదని అర్థం. హవాయి చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకపోవడం, మెట్ల దగ్గర బొటనవేలు తగిలి పడటం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం కూడా అలాంటి గుర్తులే. పిల్లలు ఇవి చెప్పరు. ఆడుకోవడం మానేసి కూర్చుంటారు, మనం నీరసం అనుకుంటాం. కొందరికి కనురెప్ప వాలుతుంది, గొంతు బొంగురుపోతుంది. ఏది కనబడినా తర్వాతి డోసు లోపలే చెప్పండి. మోతాదు మార్చాలా అని డాక్టరు చూస్తారు, ఫిజియోథెరపీ మొదలుపెడతారు.

ఇంకోటి. మీ కుటుంబంలో ఎవరికైనా చిన్నప్పటి నుంచి పాదాలు వంకరగా ఉండి, పిక్కలు సన్నబడి, నడక కష్టమయ్యే జబ్బు ఉంటే మొదటి డోసుకి ముందే చెప్పాలి. షార్కో మారీ టూత్ అనే వారసత్వ నాడీజబ్బు ఉన్నవాళ్ళకి విన్‌క్రిస్టిన్ తీవ్రమైన హాని చేస్తుంది. మేనరికాలు ఉన్న ఇళ్ళల్లో అయితే మరీ ఆలోచించి చెప్పండి.

ప్లేట్‌లెట్లు పడిపోయాయి. బొప్పాయి ఆకు రసం ఇవ్వమంటున్నారు.

ఇవ్వొద్దు. విన్‌క్రిస్టిన్ ఒక్కటే అయితే ప్లేట్‌లెట్లని పెద్దగా తగ్గించదు. తగ్గింది జబ్బు వల్లనో మిగతా మందుల వల్లనో. అవసరమైతే ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు. జుట్టు కొంత ఊడుతుంది, మళ్ళీ వస్తుంది.

పిల్లాడికి తామర వచ్చింది. మెడికల్ షాపులో క్యాప్సూల్ ఇచ్చారు, వేయొచ్చా?

ఈ ఒక్క ప్రశ్న కోసమైనా ఈ పేజీ మీ బంధువులందరికీ పంపండి.

మన ఉక్కపోతలో తామర, గజ్జి లేని ఇల్లు తక్కువ. షాపులో అడగ్గానే ఇచ్చే క్యాప్సూల్ చాలాసార్లు ఇట్రాకొనజోల్. లివర్‌లో విన్‌క్రిస్టిన్‌ని విరిచే ఎంజైమ్‌ని అది అడ్డుకుంటుంది. వోరికొనజోల్, పోసకొనజోల్ కూడా అంతే. అప్పుడు మామూలు డోసే ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోయి, ఎక్కువ డోసు ఇచ్చినట్టు పనిచేస్తుంది. పేగులు ఆగిపోవడం, కాళ్ళు పడిపోవడం, సోడియం తగ్గి ఫిట్స్ రావడం దాకా వెళ్తుంది. దగ్గుకి, గొంతు నొప్పికి ఇచ్చే క్లారిత్రోమైసిన్‌తోనూ ఇదే సమస్య. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేసి, విన్‌క్రిస్టిన్‌ని త్వరగా ఖర్చు చేసేస్తుంది.

నాన్నకి రాసిన స్ట్రిప్‌లో మిగిలిన రెండు క్యాప్సూల్స్ పిల్లాడికి వేయడం మన ఇళ్ళల్లో మామూలు. ఇక్కడ మాత్రం అది పనికిరాదు. కొత్త మాత్ర ఏదైనా సరే, స్ట్రిప్ ఫోటో తీసి డే కేర్‌కి పంపి, సరే అన్నాకే వేయండి. ఊళ్ళో ఆర్ఎంపీ గారి దగ్గరికి వెళ్ళినా "బాబుకి విన్‌క్రిస్టిన్ నడుస్తోంది" అని ముందే చెప్పండి.

పక్కింట్లో ఆటలమ్మ వచ్చింది. మేం ఏం చేయాలి?

అదే రోజు ఫోన్ చేయండి. కీమో, స్టెరాయిడ్లు నడుస్తున్న పిల్లలకి ఆటలమ్మ, తట్టు ప్రాణం మీదికి తెస్తాయి. ఆటలమ్మ ఉన్నవాళ్ళతో కలిసి ఆడాడని తెలిసిన వెంటనే వస్తే ముందుజాగ్రత్త మందు ఇవ్వొచ్చు. పొక్కులు వచ్చాక, అమ్మవారు చల్లబడేదాకా ఇల్లు కదలకూడదని ఆగితే ఆలస్యమైపోతుంది. వేపాకు మంచం మీద పరుచుకోండి, దండం పెట్టుకోండి, ఆసుపత్రికి మాత్రం అదే రోజు రండి.

చికిత్స జరుగుతున్నంత కాలం ఆ పిల్లాడికి పోలియో చుక్కలు, ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా లాంటి బతికున్న టీకాలు వేయించకూడదు. పల్స్ పోలియో రోజున తోబుట్టువుల సంగతి కూడా డాక్టర్ని అడగండి.

రిపోర్టులో క్యాన్సర్ కణాలు లేవని వచ్చింది. ఇక ఆపేయొచ్చు కదా?

నేను అన్నిటికంటే ఎక్కువ బాధపడే ప్రశ్న ఇది.

ఏఎల్ఎల్‌లో ఎక్కువమంది పిల్లలకి మొదటి నెల చివరికే రిపోర్టు బాగా వస్తుంది. పిల్లాడు లేచి తిరుగుతాడు, ముఖం నిండుగా ఉంటుంది. మిర్చి కోతలొస్తాయి, కూలి పోతుంది, ఇంకో బిడ్డ ఊళ్ళో అమ్మమ్మ దగ్గర ఉంటుంది, అప్పు పెరిగింది. అన్నీ నిజమైన కష్టాలే. కానీ మైక్రోస్కోపుకి కనబడని కణాలు ఎముక మజ్జలో ఇంకా ఉంటాయి. అందుకే చికిత్స మొత్తం రెండు నుంచి రెండున్నర ఏళ్ళు. మొదటి ఏడాది దాటాక ఎక్కువ భాగం ఇంట్లో వేసుకునే మాత్రలే. మధ్యలో మానేస్తే జబ్బు తిరిగొస్తుంది, తిరిగొచ్చిన జబ్బు మొదటిసారిలా లొంగదు. చికిత్స పూర్తిగా అందే సంపన్న దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో దాదాపు 90 శాతం మంది బతుకుతున్నారు. మన దగ్గర అంతకంటే తక్కువగా ఉండటానికి మధ్యలో మానేయడం, ఇన్‌ఫెక్షన్లు పెద్ద కారణాలు.

రాలేని పరిస్థితి వస్తే ఫోన్ చేసి చెప్పండి. సంక్రాంతికి ఊరెళ్ళాలన్నా చెప్పండి, తేదీ సర్దుతారు. ఒక వారం తప్పితే తర్వాతి వారం రెండు డోసులు కలిపి ఇవ్వరు, ఇవ్వకూడదు.

ఖర్చు ఎంతవుతుంది? ఎక్కడికి వెళ్ళాలి?

విన్‌క్రిస్టిన్ పాత మందు, మన దేశంలోనే తయారవుతుంది, ఖరీదైనది కాదు. ఖర్చంతా మంచానికి, రక్తానికి, యాంటీబయాటిక్స్‌కి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే ఇదివరకటి ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ చికిత్స ఉంది. రైస్ కార్డు, ఆధార్ పట్టుకుని ఆసుపత్రిలో ఆ కౌంటర్ దగ్గరికి వెళ్ళండి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో నాట్కో వాళ్ళు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉంది, గుంటూరుకీ విజయవాడకీ మధ్యలో మంగళగిరి ఎయిమ్స్ ఉంది.

మా నాన్నగారికి లింఫోమా, షుగర్ కూడా ఉంది. ఆయనకి ఇవ్వొచ్చా?

ఇస్తారు, కానీ షుగర్ వల్ల అరికాళ్ళ తిమ్మిర్లు ముందే ఉంటే అవి పెరుగుతాయి. ఎంతవరకు ఉన్నాయో మొదటి రోజే చెప్పాలి. ఆర్-చాప్‌లో ఐదు రోజులు వేసే ప్రెడ్నిసోలోన్ షుగర్‌ని బాగా పెంచుతుంది, ఆ రోజుల్లో ఇంట్లో రోజూ చూసుకోవాలి. ప్రోస్టేట్ సమస్య ఉన్న పెద్దవాళ్ళకి మూత్రం బిగుసుకోవచ్చు. రాత్రి చెప్పులు లేకుండా బాత్‌రూమ్‌కి వెళ్ళనివ్వకండి.

ఎప్పుడు అప్పటికప్పుడే రావాలి?

జ్వరం 100.4 డిగ్రీలు దాటితే, రాత్రి రెండైనా సరే. కడుపు ఉబ్బి వాంతులు అవుతుంటే, ఫిట్స్ వచ్చినా మత్తుగా పడి ఉన్నా, మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా, ఎక్కడైనా రక్తం ఆగకపోయినా. వచ్చేటప్పుడు ఫైల్ తెచ్చుకోండి. వేరే ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే ఆ ఫైలే అక్కడి డాక్టరుకి దారి చూపిస్తుంది.

కాళ్ళు మళ్ళీ మామూలవుతాయా?

చాలామందికి అవుతాయి. మందు ఆపాక, లేదా డోసుల మధ్య దూరం పెరిగాక, వారాల్లో కొంత, నెలల్లో ఎక్కువ భాగం తిరిగొస్తుంది. కొందరికి మడమ దగ్గర బిగుతు, పరిగెత్తేటప్పుడు కొంచెం తేడా ఏళ్ళ తరబడి ఉండిపోవచ్చు. పిక్క కండరం సాగదీసే వ్యాయామం రోజూ ఉదయం, సాయంత్రం చేయించండి. గోడకి రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకి ఆనేలా కాసేపు నిలబెట్టడం, తర్వాత రెండో కాలు. పాదం వాలిపోతుంటే పాదాన్ని నిటారుగా పట్టి ఉంచేలా రాత్రిపూట కట్టుకునే స్ప్లింట్ ఇస్తారు, పిల్లలు విసుక్కున్నా కట్టండి. మళ్ళీ బడికి వెళ్ళేటప్పుడు డ్రిల్ మాస్టారుకి విషయం చెప్పి, పరుగు పందెంలో నిలబెట్టమని గానీ వద్దని గానీ కాకుండా, వాడు ఎంత చేయగలిగితే అంత చేయనివ్వమని అడగండి.